విల్బర్ రైటు చరిత్రము

మా లక్డారమునకు దుండిగల్లు మిక్కిలి దూరము గాదు. అచ్చటి వాయుసేనా విద్యాలయమున శిక్షణము పొందువారు నడపు చిన్న విమానములకు ముక్కున ప్రొపెల్లరు తిరుగుచుండును. ఆ తిరుగు ఱెక్క కట్టి రూప మేల కలిగెనో యెఱిగినవారు కొందఱే. సైకిళ్ల దుకాణమున విమానము నిర్మించుకొని, దానికి దగిన ప్రొపెల్లరు లోకమున నెచ్చటను దొరకక, తుదకు దామే లెక్కించి చెక్కుకొన్న యన్నదమ్ము లిద్దఱిలో పెద్దవాడగు విల్బర్ రైటు జీవితమును సంగ్రహముగా వ్రాయ బూనితిమి.

విల్బర్ 1867 సంవత్సరము ఏప్రిలు 16వ తేదీన అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున మిల్విల్ గ్రామసమీపమున జన్మించెను. తండ్రి మిల్టన్ రైటు యునైటెడ్ బ్రదరన్ అను క్రైస్తవసంఘమునకు బిషప్పు. తల్లి సుసాను పనిముట్లు పట్టుటలో నేర్పరి. 1878లో తండ్రి ప్రయాణమునుండి వచ్చుచు, రబ్బరుపట్టె బలముచే గిరగిర దిరిగి పైకెగురు నొక బొమ్మను దెచ్చి కుమారుల కిచ్చెను. ఆ బొమ్మ పాడైపోయినను దాని తలంపు మాత్రము విల్బర్‌ను, అతని తమ్ముడగు ఆర్విల్‌ను విడువలేదు.

విల్బర్ పదునెనిమిదేండ్ల వయస్సున మంచుమీది యాటలో ముఖమున కఱ్ఱ తగిలి ముందరి పండ్లు పోగొట్టుకొనెను. యేల్ విద్యాలయమున జేరవలెనను కోరిక యంతటితో నిలిచిపోయెను. క్షయరోగముతో మంచము పట్టిన తల్లికి పరిచర్య చేయుచు, తండ్రి పుస్తకములు చదువుచు, ఇంటనే కాలము గడపెను. 1889లో తల్లి మరణించెను. సోదరులు డేటన్ పట్టణమున అచ్చుపనియు, 1892 నుండి సైకిళ్ల వ్యాపారమును జేసిరి. ఇద్దఱిలో నొక్కరును కళాశాలలో జదివినవారు కారు.

1896లో జర్మనీదేశీయుడగు లిలియెంథాల్ గాలిలో దేలుచు బడి చనిపోయెను. ఆ వార్త విల్బర్ మనస్సును విమానవిద్యవైపు త్రిప్పెను. 1900 మొదలు అన్నదమ్ములు కిట్టీహాక్ ఇసుకదిబ్బలపై ఇంజను లేని విమానములను బరీక్షించిరి. ఇతరుల లెక్కలు తప్పుచుండగా, 1901లో గాలిపెట్టె నొకదానిని నిర్మించి, సుమారు 200 ఱెక్కల నమూనాలను దామే పరీక్షించిరి. 1902లో వారి విమానము చెప్పినట్లు నడచెను. ఇక ఇంజనును, ప్రొపెల్లరును గావలసియుండెను.

ఓడల ప్రొపెల్లరులు బహుకాలమునుండి వాడుకలో నున్నవి గనుక వాని లెక్కలు పుస్తకములలో నుండునని విల్బర్ తలంచెను. వెదకిచూడగా నట్టివి లేవు. ఓడవారు ఒకటి పెట్టి చూచి, బాగుండనిచో మఱియొకటి పెట్టుచుండిరి. తగని ప్రొపెల్లరు పెట్టిన యోడ మెల్లగా నైనను సాగును. విమాన మట్లు గాదు, నేల విడువనే విడువదు. పలుమాఱు చేసి చూచుటకు వారికి ధనమును లేదు, కాలమును లేదు.

అప్పుడు వారికి దోచిన ముఖ్యవిషయ మిది: ప్రొపెల్లరనగా నీటిని ద్రోయు తెడ్డు వంటిది గాదు, సుడితిరుగుచు ముందునకు బోవు విమానపు ఱెక్కయే. కావున గాలిపెట్టెలో సంపాదించిన లెక్కలే దీనికిని బనికివచ్చును. అయినను చిక్కు తీరలేదు. కళ్లమున గుంజ చుట్టు ద్రిప్పు నెడ్లలో లోపలియెద్దు మెల్లగా నడువ, వెలుపలియెద్దు పరుగిడవలెను గదా. అట్లే ప్రొపెల్లరు మొదలు మెల్లగను, కొన వడిగను దిరుగును. అందుచే మొదట నిటారుగను, కొనకు బోవుకొలది వాలుగను దానిని మెలి ద్రిప్పవలెను. ఆ మెలి యెంతయో తెలియుటకు విమానవేగము, ఇంజను బలము, తిరుగుడు వడి యన్నియు నొక్కమాఱే తెలియవలెను. సోదరులు రాత్రులయందు గట్టిగా వాదించుకొని, తుదకు అన్న తమ్ముని పక్షమును, తమ్ముడు అన్న పక్షమును జేరి, మరల వాదించుచుండిరట.

వారి దుకాణపు పనివాడు చార్లెస్ టైలరు ఆఱు వారములలో జేసిన యింజనుకు 12 గుఱ్ఱముల బలమే. చిన్నదానిని మిక్కిలి వడిగా ద్రిప్పుటకంటె, పెద్దదానిని మెల్లగా ద్రిప్పి హెచ్చు గాలిని వెనుకకు ద్రోయుట వలన తక్కువ బలముతో నెక్కువ పని జరుగును. కావున ఎనిమిదిన్నర యడుగుల ప్రొపెల్లరులు రెంటిని ఎంచుకొనిరి. మూడు స్ప్రూసు పలకలను అంటించి, చేగొడ్డలితోను, రెండు పిడుల కత్తితోను జెక్కిరి. సైకిలు గొలుసులవంటి గొలుసులతో వానిని ద్రిప్పిరి. ఒక గొలుసును మెలివేయుటచే నవి యెదురెదురుగా దిరిగి, ఒకదాని లాగుడును మఱియొకటి సరిచేసెను. అవి యింజను బలములో సుమారు మూడుపాళ్లు, అనగా నూటికి 75 వంతులు, పనికి దెచ్చినట్లు ఇటీవలి పరీక్షలు తెలిపినవి.

1903లో కిట్టీహాక్‌నందు ప్రొపెల్లరుల యిరుసులు రెండు మాఱులు చెడిపోయెను. ఆర్విల్ డేటనుకు బోయి గట్టి యుక్కుతో గ్రొత్తవి చేసి తెచ్చెను. డిసెంబరు 13 ఆదివారము; తండ్రి కిచ్చిన మాట చొప్పున నాడు పని మానిరి. 14వ తేదీన విల్బర్ యెగురబోయి మూడున్నర సెకనులలో నేలబడెను. 17వ తేదీన ఆర్విల్ 12 సెకనులు, 120 అడుగులు ఎగిరెను. నాటి నాలుగవ పర్యాయమున విల్బర్ 59 సెకనులు, 852 అడుగులు ఎగిరెను.

1908లో విల్బర్ ఫ్రాన్సుదేశమున కీర్తి గాంచుచుండెను. ఆ సెప్టెంబరు 17వ తేదీన అమెరికాలో ఆర్విల్ నడపు విమానపు ప్రొపెల్లరు ఱెక్క చీలి, తీగకు దగిలి, విమానము కూలెను. కూడనున్న సెల్ఫ్రిడ్జి యను సైనికోద్యోగి మరణించెను. ఆర్విల్‌కు దొడ, ప్రక్కటెముకలు విఱిగెను. తాను దగ్గఱ నుండినచో నిట్లు జరుగకపోవునని విల్బర్ మిక్కిలి కుందెను. కఱ్ఱలోని చిన్న చీలికపై మనుష్యప్రాణము నిలిచియుండుట యెంతటి భారమో యతనికి దెలిసినంతగా నన్యులకు దెలియదు. అతడు 1912 మే 30వ తేదీన సన్నిపాతజ్వరముచే నలువదియైదేండ్ల వయస్సున పరమపదించెను. వివాహమాడలేదు.

నేటికిని ఇంట విమానము కట్టుకొనువారు ఇంజను బలమును, తిరుగుడు వడిని, విమానవేగమును సరిపోల్చియే ప్రొపెల్లరు నెన్నుకొందురు. ఒకరి విమానమున కమరినది వేఱొకరి దానికి దగకపోవచ్చును. పటాన్‌చెరువు కర్మాగారములలో లేతుయంత్రము పట్టబోవు మా బాలురు దీనిని మఱువరాదు. పరుల లెక్క దొరకనిచోట నిరాశపడక స్వయముగా లెక్కించుటయు, లెక్క సరియైన పిదపను చేతిపనిలో నేమఱకుండుటయు విల్బర్ జీవితము మనకు నేర్పు పాఠములు.