గుస్తావ్ ఐఫెల్: ఇనుమున నిలిచిన పేరు

పాఠశాలలకును, వీధులకును, వంతెనలకును పెద్దల పేర్లు పెట్టుట అన్ని దేశములందును ఉన్న ఆచారమే. ఆ పేర్లను మనము దినదినము పలుకుచుందుము గాని, ఆ పేరుగల మనుష్యుడు ఎట్లు జీవించెనో విచారించుట అరుదు. ఫ్రాన్సు దేశమున దిజోన్, బోర్డో, కషాన్ పట్టణములలో గుస్తావ్ ఐఫెల్ పేరిట ఉన్నత పాఠశాలలు కలవు. పారిస్ నగరమునకు తూర్పున 2020 జనవరి 1న ఏర్పడిన ఒక విశ్వవిద్యాలయము కూడ ఆయన పేరే వహించినది. హంగరీ రాజధానియగు బుడాపెస్టులోని ఫ్రెంచి పాఠశాలకును ఆ పేరే. స్వదేశమునకు దూరముగా నుండి తమ భాషలో చదువు చెప్పుకొను అట్టి పాఠశాల సంగతి మనవంటి వారికి ఆసక్తి కలిగింపక మానదు. తెలుగువారిలో యానామువారు 1954 వరకు ఫ్రెంచి యేలుబడిలో నుండిరి గనుక, ఆ దేశపు పేర్లు వారి పెద్దలకు కొత్తవి కావు.

చిత్రమేమనగా, లోకమంతయు ఎరిగిన ఈ పేరు ఆ కుటుంబమునకు మొదటినుండి ఉన్నది కాదు. ఐఫెల్ పూర్వులు జర్మను సీమనుండి 18వ శతాబ్దమున ఫ్రాన్సునకు వచ్చి స్థిరపడిరి. వారి యింటిపేరు బోనిక్‌హౌసెన్. అది అచ్చటివారికి నోరు తిరుగనిది. అందుచే తమ పుట్టిన ప్రాంతమునకు చేరువనున్న ఐఫెల్ కొండసీమ పేరును దానికి జోడించుకొనిరి. 1870లో ఫ్రాన్సునకును ప్రష్యాకును యుద్ధము జరిగిన పిమ్మట, జర్మను ధ్వనిగల పేరు అనుమానమునకు తావిచ్చెను. తుదకు 1880లో గుస్తావ్ చట్టప్రకారము ఐఫెల్ అను పేరును మాత్రమే నిలుపుకొనెను. వలసవచ్చిన కుటుంబములకు పేరును, భాషయు ఎంత సుకుమారమైన విషయములో మన పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు.

గుస్తావ్ 1832 డిసెంబరు 15న దిజోన్ పట్టణమున జన్మించెను. తల్లి బొగ్గు వర్తకమును సమర్థతతో నడిపెడిది. బాల్యమున ఆయనకు చదువు విసుగు పుట్టించెను. పాఠశాలలో కడపటి రెండేండ్లు చరిత్రయు, సాహిత్యమును బోధించిన ఉపాధ్యాయుల ప్రోత్సాహమున శ్రద్ధ కుదిరెను. పిమ్మట పారిస్ చేరి, పేరుపొందిన పాలిటెక్నిక్ విద్యాలయమునకు సిద్ధపడెను గాని అందు ప్రవేశము దొరకలేదు. అంతట సెంట్రల్ విద్యాలయమున చేరి 1855లో పట్టము పొందెను. అచ్చట ఆయన ప్రధానముగ అభ్యసించినది రసాయనశాస్త్రము! బంధువొకరి కర్మాగారమున పని దొరకుననుకొనెను గాని, కుటుంబములోని కలహముచే అదియు తప్పిపోయెను. ఈ రెండు నిరాశలే ఆయనను ఇనుపమార్గముల వైపు నడిపించినవి.

అప్పుడు ఐరోపా అంతట రైలుమార్గములు పడుచుండెను; నదులకు వంతెనలు కావలసియుండెను. 1858లో బోర్డో నగరమున గరోన్ నదిపై సుమారు 500 మీటర్ల వంతెన కట్టించు బాధ్యత ఇరువదియైదేండ్ల ఐఫెల్‌కు లభించెను. నదీగర్భమున పునాది వేయుట సులభము కాదు. ఇనుప గొట్టములను నీటిలోనికి దింపి, గాలిని ఒత్తిడితో పంపి నీటిని వెలికి నెట్టించి, లోపల త్రవ్వకము జరిపించెను. 1860లో వంతెన ముగిసెను. నేడు దానిపై రైళ్ళు నడువకున్నను ఐఫెల్ పేరిట అది నిలిచియున్నది.

1866లో ఆయన పారిస్ చేరువనున్న లెవల్వా-పెరెలో సొంత కార్ఖానా స్థాపించెను. 1877లో పోర్చుగలు దేశపు పోర్టో నగరమున డౌరో నదిపై 160 మీటర్ల విల్లువంటి కమాను నిలిపెను. నది లోతైనదగుటచే క్రింద ఆధారములు నిలుపుట సాధ్యము కాలేదు. అందుచే కమాను రెండు భాగములను తీగత్రాళ్ళతో పట్టి, రెండు ఒడ్డులనుండి కట్టుకొనివచ్చి నడుమ కలిపిరి. ఆ సంవత్సరముననే భార్య మరణించెను. ఐదుగురు బిడ్డలు తల్లిలేనివారైరి. ఐఫెల్ మరల వివాహమాడలేదు. 1884లో ముగిసిన గరబీ వంతెన త్రుయేర్ నదికి 122 మీటర్ల యెత్తున నున్నది. న్యూయార్కులో 1886లో నెలకొనిన స్వాతంత్ర్య విగ్రహము లోపలి ఇనుప చట్రమును గూడ ఆయన సంస్థయే సిద్ధపరచెను.

ఇక గోపురము మాట. దాని మొదటి చిత్తుపటమును 1884లో గీసినవారు ఐఫెల్ సంస్థలోని ఇంజనీర్లు మోరిస్ కేక్లిన్, ఎమీల్ నూగియే. రూపమునకు శోభ చేకూర్చినవాడు సోవెస్త్ర్ అను వాస్తుశిల్పి. మొదట ఐఫెల్ అంత ఆసక్తి చూపలేదు; పిమ్మట దాని విలువ గ్రహించి హక్కులను తానే కొనెను. 1887 జనవరిలో పని మొదలయ్యెను. ఫిబ్రవరిలో పేరుగల రచయితలును కళాకారులును కలసి దానిని నిరసించుచు బహిరంగ లేఖ ప్రకటించిరి. ఐఫెల్ వెనుదీయలేదు. గాలి దూరిపోవుటకు వీలుగ జల్లెడవలె అల్లిన 18,038 ఇనుప ముక్కలను 25 లక్షల రివెట్లతో బిగించి, 1889 మార్చి 31 నాటికి గోపురమును ముగించెను.

కాని కీర్తి శిఖరము చేరిన వెంటనే కష్టములు వచ్చిపడెను. పనామా కాలువకు జలద్వారములు కట్టుటకు ఆయన ఒప్పుకొనియుండెను. ఆ కాలువ కంపెనీ 1889లో కూలిపోయి, వేలకొలది సామాన్యుల ధనము మునిగెను. 1891లో స్విట్జర్లాండున ఆయన సంస్థ కట్టిన మ్యూన్షెన్‌స్టైన్ వంతెన రైలుతోసహా కూలి, 70 మందికి పైగ మరణించిరి. 1893లో పనామా వ్యవహారమున న్యాయస్థానము ఆయనకు రెండేండ్ల కారాగారశిక్ష విధించెను. కొలది నెలలకే పై న్యాయస్థానము ఆ తీర్పును కొట్టివేసెను. అయినను ఆయన సంస్థనుండి తొలగెను. సంస్థయు తన పేరునుండి ఐఫెల్ అను మాటను తీసివేసెను. వీథులకును బడులకును నేడు పెట్టుకొనుచున్న పేరును, నాడు ఆయన సొంత కార్ఖానాయే వద్దనుకొనెను.

అప్పటికి ఆయనకు అరువదేండ్లు. మిగిలిన ముప్పదేండ్లు విజ్ఞానసేవకు వినియోగించెను. గోపురమును నిలుపుటకు ఇచ్చిన గడువు 20 ఏండ్లే. దానికొక ఉపయోగము చూపనిచో విప్పివేయుట తప్పదు. అందుచే దానిపై వాతావరణ పరిశీలన జరిపించెను. నిస్తంత్రి వార్తాప్రయోగములకు తోడ్పడెను. ఆ నిస్తంత్రి ప్రయోజనమే 1910లో గోపురమును కాపాడెను. గాలి ఒత్తిడిని కొలుచుటకు గోపురమునుండి వస్తువులను జారవిడిచి పరీక్షించెను. 1909లో వాయుసొరంగము నిర్మించి, విమానశాస్త్రమునకు తొలి పునాదులు వేసినవారిలో ఒకడయ్యెను. 1923 డిసెంబరు 27న, 91వ యేట, కన్నుమూసెను.

గోపురముపై ఐఫెల్ 72 మంది ఫ్రెంచి విజ్ఞానుల పేర్లు చెక్కించెను. వారిలో స్త్రీ ఒక్కతెయు లేదు. లోహపు పలకల కంపనమును గూర్చి శోధించి 1816లో బహుమానమందిన సోఫీ జెర్మెన్ పేరు సైతము లేదు. మరియొక ప్రక్క, 1902లో ముగిసిన హనోయి నగరపు లాంగ్‌బియన్ వంతెన వేరొక సంస్థ కట్టినదైనను, ఐఫెల్ కట్టెనని పలువురు తలచెదరు. పేరుగలవానికి పరుల పనియు చేరును. పేరులేనివాని పనియు మరుగగును.

విద్యార్థులారా! పేరును చూచి నమస్కరించుట మంచిదే. ఆ పేరు వెనుక గీత గీసిన చేతులను, రివెటు బిగించిన చేతులను తెలిసికొనుట అంతకన్న మంచిది. మీ బడికి ఎవరి పేరున్నదో, ఆ గోడ కట్టినవారెవరో మీ పెద్దలను నేడే యడుగుడు. వారు చెప్పినదానిని మన తెలుగులో వ్రాసి ఉంచుడు.