తల్లుల యొద్దకు వచ్చిన కుగ్లర్ అమ్మగారు

ధ్యానభాగము: నిర్గమకాండము 1:15–21

ఈ భాగములో ఐగుప్తు రాజు పేరు లేదు గాని, షిఫ్రా, పూయా అను మంత్రసానుల పేళ్లు వ్రాయబడి యున్నవి. మన పల్లెలలో మంత్రసానిని అవసరమునకు పిలిచి, తరువాత గడప బయట నిలిపెడివారు. దేవుడు ఆ పనిని తక్కువగా ఎంచలేదు.

తెలుగు నేలమీద తల్లుల కొరకు పాటుపడిన డాక్టరు అన్నా కుగ్లర్ అమ్మగారిని ఈ నెల మేము జ్ఞాపకము చేయుచున్నాము. ఆమె 1856లో అమెరికాలో పుట్టి, 1879లో పెన్సిల్వేనియా స్త్రీల వైద్య కళాశాలలో పట్టము పొందిరి. 1883లో లూథరన్ మిషను వారు ఆమెను గుంటూరునకు పంపినది స్త్రీలకు బోధించుటకే. వైద్యురాలిని పంపుటకు వారు అప్పటికి సిద్ధపడలేదు. ఆమె అలుగలేదు. మందులు వెంట తెచ్చుకొని, బోధపని చేయుచునే రోగులను చూచిరి. 1885లో ఆమెను వైద్యురాలిగా నియమించిరి.

ఆ దినములలో ఘోషా స్త్రీలు పురుష వైద్యుని ఎదుటికి వచ్చెడివారు కారు. కాన్పు కష్టమైనను మంత్రసానియే దిక్కు. దొరసానిని ముట్టుకొనిన మైల యని కొందరు వెనుదీసిరి. అమ్మగారు ఓర్పుతో ఇండ్లకు వెళ్లి తల్లుల నమ్మిక సంపాదించిరి. 1893లో మందులశాల, పిమ్మట ఆసుపత్రి వెలసెను. తన రాణికి జరిగిన వైద్యమునకు కృతజ్ఞతగా ఏలూరు రాజా భుజంగరావు గారు రోగుల బంధువులకు సత్రము కట్టించిరి. ఆ ఆసుపత్రిలో మన తెలుగు స్త్రీలు నర్సు పని నేర్చుకొనిరి. 1930లో అమ్మగారు గుంటూరులోనే కన్నుమూసిరి. ఆసుపత్రికి ఆమె పేరు నిలిచినది.

బాలింత ఎవరి మాట వినును? నొప్పులవేళ ప్రక్కన కూర్చున్నవారి మాటే. అందుచేత ఆ చోటు చాల గొప్పది. మా పాలకుర్తి ప్రాంతములో ఇప్పుడు కాన్పులు ఆసుపత్రులలోనే జరుగుచున్నవి. అయినను ముర్రుపాలు పచ్చగా, చిక్కగా నున్నవని పిండి పారవేసి, బిడ్డ నోట తేనెయో పంచదార నీళ్లో పోయువారు ఇంకను కలరు. ఆ పాలే బిడ్డను రోగములనుండి కాపాడును. పుట్టిన గంటలోపల రొమ్ము పట్టింపవలెను. మొదటి రెండు మూడు దినములు పాలు కొంచెమే యున్నను ఆ చిన్న కడుపునకు చాలును. బిడ్డ చీకుకొలది పాలు పడును. ఆరు నెలలవరకు తల్లిపాలే చాలును, నీళ్లు సైతము అక్కరలేదు.

సంఘములోని అవ్వలారా, అత్తలారా, నర్సమ్మలారా! పాలు లేవని బాలింతను నిందింపకుడి. ప్రక్కన కూర్చుండి ధైర్యము చెప్పుడి, కడుపునిండ అన్నము పెట్టుడి. ఆ మంత్రసానులు రాజాజ్ఞకు వెరవక బిడ్డలను బ్రదికించిరి. మీరును పాత ఆచారమునకు వెరవక బిడ్డను తల్లి రొమ్మున చేర్చుడి.