గాలిని దాచిపెట్టిన మాస్టారు

గాలిమరల పాఠం చెప్పే ప్రతి ఏడాదీ వెనక బెంచీల నుంచి ఒకే ప్రశ్న వస్తుంది నాకు. గాలి ఆగిపోతే దీపాల సంగతేమిటని. అడిగినవాడు నన్ను ఇరుకున పెట్టానని సంబరపడతాడు. నిజానికి అది చాలా మంచి ప్రశ్న. గాలిని పట్టుకోవడం కన్నా, పట్టుకున్నదాన్ని దాచుకోవడమే అసలు కష్టం. నూరేళ్ళకు పైబడి వెనక, ఒక పల్లెటూరి బడిపంతులు ఈ ఒక్క ప్రశ్న పట్టుకునే బతుకంతా గడిపాడు. ఆయన పేరు పోల్ లా కూర్. దేశం డెన్మార్కు. ఆ దేశంలో ఆయన పేరు తెలియనివారు తక్కువ. మన పాఠ్యపుస్తకాల్లో మాత్రం ఎడిసన్ పక్కన ఆయనకు చోటు దొరకలేదు. ఈ సంచికలోనైనా నాలుగు మాటలు చెప్పుకుందాం.

లా కూర్ 1846 ఏప్రిల్ 13న జట్లాండ్ ప్రాంతంలో, ఎబెల్టాఫ్ట్ దగ్గర ఒక వ్యవసాయ కుటుంబంలో పుట్టాడు. చదివింది భౌతికశాస్త్రం, వాతావరణశాస్త్రం. 1872లో డెన్మార్కు వాతావరణ సంస్థ ఏర్పడితే, పాతికేళ్ళు దాటీ దాటకుండానే అందులో పెద్ద హోదా సంపాదించాడు. రాజధాని కోపెన్‌హాగెన్‌లో కాపురం, చేతిలో పరిశోధన. 1875 ప్రాంతంలో శ్రుతిదండం కంపనాలతో నడిచే ఒక చక్రాన్ని కనిపెట్టాడు. దండం ఎంత నిలకడగా మోగితే చక్రం అంత నిలకడగా తిరుగుతుంది. రెండు ఊళ్ళలో రెండు చక్రాలు ఒకే వేగంతో తిరిగితే, ఒకే తీగమీద ఎన్నో తంతివార్తలు పంపుకోవచ్చు. అదే దారిలో అమెరికాలో ఎలైషా గ్రే కూడా పనిచేస్తున్నాడు. పేటెంట్లూ పేరుప్రతిష్ఠలూ ఎదురుగా కనబడుతున్న కాలం అది.

అలాంటి మనిషి 1878లో, ముప్పై రెండేళ్ళ వయసులో, ఉద్యోగం వదిలేసి ఆస్కోవ్ అనే పల్లెకు వెళ్ళిపోయాడు. అక్కడొక ప్రజావిద్యాలయం ఉంది. 1864 యుద్ధంలో డెన్మార్కు దక్షిణ ప్రాంతాలు పోగొట్టుకున్నాక, ఆ మరుసటేడు కొత్త సరిహద్దుకు చేరువలో వెలసిన బడి. గ్రుండ్విగ్ అనే ఆలోచనాపరుడు చూపిన బాటలో నడిచేది. చదువుకునేవాళ్ళు రైతుబిడ్డలు. మన విద్యార్థులు వింటే ఈర్ష్యపడతారు గాని, అక్కడ పరీక్షలు లేవు, పట్టాలు లేవు. లా కూర్ అక్కడ లెక్కలూ భౌతికశాస్త్రమూ చెప్పేవాడు. సూత్రాన్ని బోర్డుమీద రాసి బట్టీ పట్టించడం కాకుండా, దాన్ని మనిషి ఏ అవసరం కొద్దీ ఎలా కనుక్కున్నాడో చరిత్రగా చెప్పడం ఆయన పద్ధతి. ఆ పాఠాలే తర్వాత పుస్తకాలయ్యాయి.

పల్లెలో ఉండగానే ఆయనకొక దిగులు పట్టుకుంది. కరెంటు వస్తోంది. కాని వచ్చేది పట్నాలకే. దీపాలూ యంత్రాలూ అక్కడే ఉంటే పల్లెలోని కుర్రకారు అక్కడికే పోతుంది. డెన్మార్కులో బొగ్గు గనులు లేవు. ఉన్నదల్లా గాలి. పిండి విసరడానికి తాతల నాటి గాలిమరలున్నాయి. వాటితో డైనమో తిప్పితే పల్లెకు సొంత వెలుగు వస్తుంది గదా అనుకున్నాడు. 1891లో ప్రభుత్వం ఇచ్చిన డబ్బుతో ఆస్కోవ్‌లో ప్రయోగాల గాలిమర కట్టాడు.

మొదటి చిక్కు వెంటనే ఎదురైంది. గాలి ఒక్కతీరున వీయదు. విసురు వచ్చినప్పుడు డైనమో పిచ్చిపట్టినట్టు తిరుగుతుంది, తగ్గితే చతికిలపడుతుంది. దీనికి ఆయన బెల్టులతో, బరువులతో ఒక ఏర్పాటు చేసి క్రాటోస్టాట్ అని పేరు పెట్టాడు. రైసుమిల్లులో బెల్టు వదులైతే జారడం మనకు తెలిసిందే. మిల్లువాడికి అది నష్టం. లా కూర్ ఆ జారుడునే పనికి పెట్టాడు. విసురు ఎక్కువైతే బరువు పైకి లేస్తుంది, బెల్టు వదులై జారుతుంది, డైనమోకు అందే బలం మాత్రం మారదు.

రెండో చిక్కు మన వెనక బెంచీ ప్రశ్నే. గాలి అసలే లేకపోతే? ఆ రోజుల్లో బ్యాటరీలు చాలా ఖరీదు. అందుకని కరెంటును నీళ్ళలోకి పంపాడు. ఇంటర్మీడియట్ ప్రయోగశాలలో మనమంతా చేసినదే. నీరు విడిపోయి ఒకవైపు హైడ్రోజన్, మరోవైపు ఆక్సిజన్ వస్తాయి. ఇటలీకి చెందిన గరూటి అనే ప్రొఫెసరు రూపొందించిన పద్ధతి ఇందుకు ఆసరా అయింది. గాలి వీచినప్పుడు వాయువులు తయారుచేసి ట్యాంకుల్లో నింపడం, చీకటి పడ్డాక గొట్టాల ద్వారా బడికి పంపి దీపాలు వెలిగించడం. 1895 నుంచి 1902 దాకా ఆ బడి ఇలాగే వెలిగింది. హైడ్రోజన్ ట్యాంకు 12 ఘనమీటర్లది. ఆ ఏడేళ్ళలో గాలి లేదన్న కారణంగా దీపం వెలగని రోజు ఒక్కటీ లేదట! ఈ మాట చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు అలా కూర్చుండిపోయాను.

అయితే కథ ఇక్కడ సుఖాంతం కాలేదు. హైడ్రోజన్‌లో కొంచెం ఆక్సిజన్ కలిసినా ప్రమాదమే. అలా కలిసి పేలుళ్ళు జరిగాయి, బడి కిటికీల అద్దాలు ఒకటికి నాలుగుసార్లు కొత్తవి వేయవలసి వచ్చింది. ఈలోగా లా కూర్ వేరే పనులూ చేశాడు. ఒక గొట్టంలోకి పంకాతో గాలి తోలి, చిన్న చిన్న రెక్కల నమూనాలను అందులో పరీక్షించాడు. రెక్కలు ఎక్కువైతే బలం ఎక్కువనుకోవడం పొరపాటని, కరెంటు తీయడానికి తక్కువ రెక్కలతో వేగంగా తిరిగే మర మేలని తేల్చాడు. 1897లో ఇంకా పెద్ద గాలిమర లేచింది.

1902లో ఆస్కోవ్ ఊరికి కరెంటు ఇచ్చే సమయం వచ్చింది. అప్పుడు ఆయన చేసిన పని నాకు అన్నిటికన్నా గొప్పగా తోస్తుంది. ఏడేళ్ళు తాను పెంచి పోషించిన హైడ్రోజన్‌ను పక్కన పెట్టేశాడు. సీసపు బ్యాటరీలు తెచ్చాడు. బ్యాటరీలు కూడా ఖాళీ అయ్యేటన్ని రోజులు గాలి స్తంభిస్తే ఆదుకోవడానికి ఒక చమురు ఇంజను పెట్టాడు. గాలి, బ్యాటరీ, ఇంజను. ఒకటి చేతులెత్తేస్తే రెండోది, రెండోది అలసిపోతే మూడోది. తాను కనిపెట్టినదే నెగ్గాలన్న పంతం ఆయనకు లేదు. పల్లెలో దీపం ఆరకూడదు, అంతే.

1903లో పవన విద్యుత్తు కోసం ఒక సంఘం స్థాపించాడు. 1904లో పల్లె కుర్రాళ్ళకు ఎలక్ట్రీషియన్ పని నేర్పే తరగతులు మొదలుపెట్టాడు. ఆ తరగతుల్లో పదిహేడేళ్ళ జొహానెస్ యూల్ కూడా కూర్చున్నాడు. లా కూర్ 1908 ఏప్రిల్ 24న, అరవై రెండేళ్ళకు కన్నుమూశాడు. మొదటి ప్రపంచయుద్ధంలో చమురు దొరక్క దేశం ఇబ్బంది పడినప్పుడు ఆయన గాలిమరల విలువ అందరికీ తెలిసొచ్చింది. 1918 నాటికి సుమారు 120 ఊరి విద్యుత్ కేంద్రాల్లో గాలిమరలున్నాయి. ఆ తర్వాత చవక చమురు రోజులొచ్చి అవి మూలపడ్డాయి. ఆస్కోవ్ మర 1929లో కాలిపోయింది. కాని శిష్యుడు మరిచిపోలేదు. యూల్ 1957లో గెడ్సర్ అనే చోట 200 కిలోవాట్ల మూడు రెక్కల గాలిమర నిలబెట్టాడు. నేడు ప్రపంచమంతటా కనిపించే గాలిమరలకు పెద్దదిక్కు అదే.

ఇప్పుడు డెన్మార్కు కరెంటులో సగానికి పైగా గాలి నుంచే వస్తోంది. గాలి తగ్గితే నార్వే, స్వీడన్ జలవిద్యుత్తు ఆదుకుంటుంది. కిటికీ అద్దాలు పగలగొట్టిన హైడ్రోజన్ మీద కూడా మళ్ళీ దేశదేశాల్లో పెద్ద ఎత్తున పరిశోధన సాగుతోంది. అంతదూరం ఎందుకు, మన శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్ల యంత్రాలు ఆరున్నాయి. కరెంటు మిగిలినప్పుడు నీళ్ళను తిరిగి పైకి తోడి, కావలసినప్పుడు కిందికి వదిలే వీలున్న యంత్రాలవి. లా కూర్ హైడ్రోజన్ ట్యాంకులో దాచినదాన్ని, అక్కడ కొండమీద జలాశయంలో దాచుకుంటారన్నమాట.

పట్నంలో పెద్ద ఉద్యోగం, తంతివార్తల పేటెంట్లు పట్టుకుని కూర్చుంటే లా కూర్ ధనవంతుడయ్యేవాడేమో. ఆ ఆలోచన మానుకుని పరీక్షలూ పట్టాలూ లేని బడికి వెళ్ళాడు. మన కాలేజీ నుంచి ఏటా పట్టాలు పుచ్చుకుని వెళ్ళేవాళ్ళలో పల్లెల నుంచి వచ్చినవాళ్ళు చాలామందే. అందరినీ వెనక్కి పొమ్మనను. నేనే వెళ్ళలేదు. నేర్చుకున్నదాంట్లో మన ఊరికి పనికొచ్చేది ఏదైనా ఉందా అని ఒక్కసారి వెతికి చూస్తే చాలు.

గాలి ఆగిపోతే ఏంచేస్తారని వచ్చే ఏడు కూడా ఎవరో ఒకరు అడుగుతారు. అడగాలి కూడా. ఆ రోజు సిలబస్ కాస్త పక్కనపెట్టి ఈ మాస్టారి కథే చెబుతాను.