క్రూగర్ వార్డెన్ స్కుకూజా

ఒక దూడ కోసం సింహాలు, మొసలి, అడవి గేదెల మంద కొట్టుకునే యూట్యూబ్ వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. అది దక్షిణాఫ్రికాలోని క్రూగర్ నేషనల్ పార్క్‌లో తీసింది. పేరు చూసి పాల్ క్రూగరే ఆ అడవిని కాపాడాడని నేనూ అనుకున్నా. 1898లో సాబీ రిజర్వ్‌ని ప్రకటించింది ఆయన ప్రభుత్వమే. కానీ కాగితం మీది రిజర్వ్‌ని నిజం అడవిగా నిలబెట్టింది జేమ్స్ స్టీవెన్సన్-హామిల్టన్. తమాషా ఏంటంటే, ఈయన బోయర్ యుద్ధంలో క్రూగర్ సైన్యం మీద పోరాడిన బ్రిటిష్ అధికారి.

1867లో డబ్లిన్‌లో పుట్టారు. స్కాట్లాండ్‌లో ఎస్టేట్ ఉన్న కుటుంబం. ఇంటిపట్టునే ఉండి హాయిగా బతికేయొచ్చు. కానీ 1902లో, యుద్ధం అయిపోగానే, సాబీకి వార్డెన్‌గా వెళ్లారు. వార్డెన్ అంటే మనకి హాస్టలే గుర్తొస్తుంది. ఈయన చేతికొచ్చిన హాస్టల్ దాదాపు 4,600 చదరపు కిలోమీటర్లు, అదీ ఖాళీగా! ఏళ్ల తరబడి వేట, 1896లో వచ్చిన రిండర్‌పెస్ట్ అనే పశువుల రోగం, ఆపైన యుద్ధం కలిసి జంతువుల్ని దాదాపు తుడిచిపెట్టేశాయి.

ఆయన మొదట చేసిన పని మాత్రం నాకు మింగుడు పడలేదు. రిజర్వ్‌లో ఎప్పటినుంచో బతుకుతున్న ఆఫ్రికన్ కుటుంబాల్ని బయటికి పంపించేశారు. అక్కడి త్సోంగా భాష మాట్లాడేవాళ్లు ఆయనకి 'స్కుకూజా' అని పేరు పెట్టారు. ఊడ్చేసేవాడు అని అర్థం. ఆ పేరులో మెచ్చుకోలు ఎంతో, కోపం ఎంతో మీరే ఆలోచించండి. వేట ఆపడంలో మాత్రం తెల్లవాళ్లనీ వదల్లేదు. చట్టం తప్పిన పోలీసు అధికారుల మీద కూడా కేసులు పెట్టించారు.

ఇంకో సంగతి. మొదట్లో జింకల సంఖ్య పెరగాలని సింహాల్ని, చిరుతల్ని, అడవి కుక్కల్ని కాల్పించారు. అప్పట్లో అది మామూలు పద్ధతి. ఏళ్ల తరబడి చూశాక, వేటాడే జంతువులు లేకపోతే అడవి లెక్కే తప్పుతుందని ఆయనకి అర్థమైంది. మెల్లగా ఆ పద్ధతి నుంచి తప్పుకున్నారు. అధికారంలో ఉన్న మనిషి తన సొంత రూల్‌ని తనే మార్చుకోవడం చిన్న విషయం కాదు.

మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లి, 1920లో తిరిగొచ్చారు. అప్పటికి గనులవాళ్లు, పశువుల రైతులు ఆ భూమి మీద కన్నేశారు. జంతువుల కోసం ఓటేసేదెవరు? ఇక్కడే సఫారీ కథ మొదలవుతుంది. 1923లో రైల్వేవాళ్లు ట్రాన్స్‌వాల్‌లో తొమ్మిది రోజుల టూర్ రైలు పెట్టారు. అది రిజర్వ్ మీదుగా పోయేది. రైలు అక్కడ ఆగేలా, ప్రయాణికులు దిగి రేంజర్ వెంట కాసేపు అడవిలో నడిచేలా స్టీవెన్సన్-హామిల్టన్ ఏర్పాటు చేయించారు. మొత్తం టూర్‌లో జనానికి బాగా నచ్చింది అదే. చూసినవాళ్లే ఆ అడవి తరఫున మాట్లాడతారని ఆయన లెక్క.

1926లో నేషనల్ పార్క్స్ చట్టం వచ్చింది. ఆఫ్రికానర్ల మద్దతు కోసం క్రూగర్ పేరు పెట్టారు. దాదాపు పాతికేళ్ల కింద తను యుద్ధం చేసిన నాయకుడి పేరు తన అడవికి పెడుతుంటే ఈయన అడ్డుచెప్పలేదు. పార్క్ బతకడమే ముఖ్యం. 1927లో టూరిస్టులకి గేటు తీస్తే ఆ ఏడాదంతా వచ్చినవి మూడంటే మూడు కార్లు! తర్వాత జనం ఎంత పెరిగారంటే, ఆ రద్దీ చూసి ఆయనే ఇబ్బంది పడేవారు.

అరవై దాటాక, 1930లో, చిత్రకారిణి హిల్డాని పెళ్లి చేసుకున్నారు. 1946లో రిటైరయ్యారు, 1957లో తొంభై ఏళ్ల వయసులో చనిపోయారు. తర్వాత ఆయన, హిల్డా ఇద్దరి అస్థికల్నీ పార్క్‌లోనే షిరిమంటంగా అనే రాతిగుట్ట మీద చల్లారు. ఆ గుట్టకి దగ్గర్లోనే పార్క్ హెడ్ క్వార్టర్స్ ఉంది. మొదట దాన్ని సాబీ బ్రిడ్జ్ అనేవాళ్లు. 1936 నుంచి దాని పేరు స్కుకూజా. ఇప్పుడు మనం సఫారీకి ఫ్లైట్ బుక్ చేసుకున్నా, దిగే ఎయిర్‌పోర్ట్ పేరూ అదే.