సవర పిల్లల కోసం చెవులు పోగొట్టుకున్న పంతులు

తండాలనో గూడెంలనో ఉన్న అంగన్‌వాడికి పోయి ఒకపారి కూసోండ్రి. ఇంట్ల గలగల మాట్లాడే మూడేండ్ల పిల్ల గీడికి రాంగనే నోరు మూస్తది. టీచరమ్మ తెలుగుల అడిగేది దానికి సమజ్ కాదు. నాలుగు దినాలు జూసి పిల్ల మొద్దు అని తేల్చేస్తరు. ఆ పిల్ల ఇంటి బాస నేర్వాల్సింది పెద్దోళ్లే అని నూరేండ్ల కిందనే చేసి చూపించిన పంతులు ఒకాయన ఉన్నడు. గిడుగు రామ్మూర్తి.

పేరు మీరు ఇన్నదే. ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం ఆయన పుట్టినదినమే. మన దిక్కు సెప్టెంబర్ 9న కాళోజీ దినం చేసుకుంటం గద, ఆంధ్ర పంతులు ముచ్చట మనకెందుకు అంటరేమో. నోటితోని మాట్లాడే బాసల రాయాలని ఆయన కొట్లాడిండు. మన యాసల రాసుకుంటున్న మనం ఆయనకు బాకీ ఉన్నం. ఆ కొట్లాట అందరు చెప్తరు. దానికంటే ముందు మొదలుపెట్టిన పని మాత్రం శానమందికి ఎరుక లేదు.

1863ల శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటల పుట్టిండు. చిన్నప్పుడే నాయిన పోయిండు. విజయనగరంల మెట్రిక్ దాకా చదివిండు, గురజాడ అప్పారావు ఆయన తోటి చదువుకున్నోడే. 1880ల పర్లాకిమిడి రాజా బడిల పంతులుగ చేరిండు. అప్పటికి మీసాలు గూడ సరిగ రాని వయసు.

పర్లాకిమిడి చుట్టూ కొండలు, ఆ కొండల్ల సవరలు. సవర బాస తెలుగుకు చుట్టం గూడ కాదు, ముండా కుటుంబం బాస. సర్కారు బడి పెట్టినా అండ్ల చదువు తెలుగులనే. సవర పిల్లకు ఆ మాటలు గోడకు జెప్పినట్టే.

గిడుగు ఏం జేసిండంటే, ముందు తనే పిల్లగాడయిండు. తెలుగు తెల్సిన సవరాయన్ని ఇంట్ల పెట్టుకొని ఒక్కొక్క మాట నేర్సుకున్నడు. కొండలెక్కి వాళ్ల పాటలు, కథలు ఇని రాసుకున్నడు. సవర బాసల పుస్తకాలు రాసిండు. సొంత పైసలతోని బడులు పెట్టి పంతుళ్లకు జీతాలిచ్చిండు. సర్కారు మెచ్చి పైసలియ్యబోతే, అవి తనకొద్దు, సవర బడికి పెట్టుండ్రి అన్నడు.

ఆ తిరుగుడుల మలేరియా పట్టింది. మింగిన క్వినైన్‌కు చెవులు పోయినయి. పిల్లల మాట ఇనాలని కొండెక్కిన మనిషి చెవిటోడయిండు. అయినా ఇడిసిపెట్టలే. 1931ల సవర వ్యాకరణం అచ్చయింది, తర్వాత నిఘంటువు గూడ వచ్చింది. 1936ల పర్లాకిమిడిని ఒడిశాల కలిపితే, డెబ్బయి దాటిన వయసుల ఇల్లు ఇడిసి రాజమండ్రికి వచ్చిండు. 1940 జనవరి 22న కన్నుమూసిండు.

ఆయన పెట్టినయి అంగన్‌వాడీలు కావు, ఆ కాలంల గవి లేవు. కని ఆయన వేసిన తొవ్వ మూడేండ్ల పిల్లకు ఇంకా ఎక్కువ పనికొస్తది. రెండో బాస మొదటి బాస మీదనే నిలబడతది. ఇంటి బాసను నొక్కేస్తే రెండోది గూడ నిలబడదు. పలకా బలపం తర్వాత సంగతి, ముందు చెవి నిండాలె, ఆ తర్వాత నోరు తెరుసుకుంటది.

గోండు, కోలాం, కోయ, లంబాడ ఇండ్ల సదువుకున్న తమ్ముళ్లు, చెల్లెండ్లు, ఈ పని మీతోనే అయితది. వారానికి ఒక్క గంట మీ ఊరి అంగన్‌వాడికి పోండ్రి. ఒక కథ ముందు మీ బాసల చెప్పుండ్రి. మరునాడు అదే కథ తెలుగుల, చేతులు తిప్పుకుంట, బొమ్మలు సూపెట్టుకుంట చెప్పుండ్రి. కథ ముందే ఎరుకుంటది గనుక కొత్త మాటలు పిల్లకు దొరుకుతయి. పిల్ల ఇంటి బాసల జవాబిస్తే తిట్టకుండ్రి, అదే మాటను తెలుగుల మల్ల అని ఇనిపియ్యుండ్రి. కొన్ని నెలలు ఏం మాట్లాడకపోయినా ఫికర్ చెయ్యకుండ్రి, అది ఇంటనే ఉంటది. టీచరమ్మకు గూడ నీళ్లు, అన్నం, ఆకలి, నొప్పి, అమ్మ అనే మాటలు మీ బాసల నేర్పుండ్రి. కడుపు నొస్తుందని తన బాసల చెప్పిన పిల్లను అర్థం చేసుకునే మనిషి ఆడ ఒక్కరన్న ఉండాలె గద.

ఇంగ్లీష్ నర్సరీలకు పిల్లల్ని తోలే మనకు గూడ ఇదే లెక్క. అర్థం గాని రైమ్ అప్పజెప్పితే బాస వచ్చినట్టు కాదు.

ఆగస్టు 29న ఆయన ఫొటోకు దండ ఏస్తరు. ఈసారి దండకు పెట్టే పైసలతోని అంగన్‌వాడికి రెండు బొమ్మల పుస్తకాలు కొనుండ్రి.