కోడిగుడ్లు అడిగితే ఫ్రెంచ్ రాదంది

యుద్ధం చేసే నైట్‌ని కె తో మొదలుపెట్టి, మధ్యలో జి, హెచ్ దూర్చి రాస్తాం. పలికేటప్పుడు ఆ మూడూ వినపడవు. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియంలో చదివినా ఎందుకలా అని నాకెవరూ చెప్పలేదు. డిక్టేషన్ పెట్టేవాళ్లు, బట్టీ పట్టేవాళ్లం, అంతే. ఆ ఎందుకు అనేది వెతుక్కుంటూ పోతే విలియం కాక్స్టన్ దొరికాడు. ఇంగ్లండ్‌లో మొదటి ప్రింటింగ్ ప్రెస్ పెట్టినాయన అని జీకే పుస్తకాల్లో ఒక్క లైన్‌లో ఉంటాడు. ఆ లైన్ వెనకున్న మనిషి నాకు భలే నచ్చేశాడు.

ఆయన పండితుడేం కాదు, బట్టల వ్యాపారి. 1420ల ప్రాంతంలో కెంట్ అనే జిల్లాలో పుట్టాడు. అక్కడి ఇంగ్లీష్ మొరటుదని ఆయనే రాసుకున్నాడు. 1438లో లండన్‌లో రాబర్ట్ లార్జ్ అనే పెద్ద వర్తకుడి దగ్గర పని నేర్చుకోడానికి చేరాడు. లార్జ్ పోయిన కొన్నేళ్లకి సముద్రం దాటి, ఇప్పుడు బెల్జియంలో ఉన్న బ్రూజ్ నగరం చేరాడు. 1462 నాటికి అక్కడి ఇంగ్లీష్ వర్తకులందరికీ పెద్ద అయ్యాడు. దాదాపు ముప్పై ఏళ్లు పరాయి దేశాల్లోనే గడిపాడు. అంటే ఒకరకంగా ఎన్నారై.

1469లో ట్రాయ్ నగరం కథల్ని ఫ్రెంచ్ నుంచి ఇంగ్లీష్‌లోకి మార్చడం మొదలుపెట్టి, కొన్ని పేజీలయ్యాక నమ్మకం పోయి వదిలేశాడు. ఇంగ్లండ్ రాజు చెల్లెలు మార్గరెట్ అప్పుడు బర్గండీ డచెస్. ఆవిడ ఆ పేజీలు చూసి, ఇంగ్లీష్‌లో తప్పులు దిద్ది, మిగతాది పూర్తి చెయ్యమంది. 1471లో కొలోన్ నగరంలో పూర్తి చేశాడు. ఇక అందరూ మాకో కాపీ కావాలని అడగడం మొదలెట్టారు. అన్నీ చేత్తో రాయాలి కదా! చెయ్యి నొప్పెట్టి, చూపు మందగించి, సుమారు యాభై ఏళ్ల వయసులో ప్రింటింగ్ నేర్చుకున్నాడు. అలా ఇంగ్లీష్ భాషలో అచ్చయిన మొట్టమొదటి పుస్తకం 1473-74 ప్రాంతంలో తయారైంది. ఇంగ్లండ్‌లో కాదు, పరాయి దేశంలో.

1476లో తిరిగొచ్చి వెస్ట్‌మినిస్టర్ అబ్బే పక్కన షాపు పెట్టాడు. చాసర్ రాసిన కాంటర్‌బరీ కథలు వేశాడు. ఓ కస్టమర్ వచ్చి, ఇది చాసర్ రాసినట్టు లేదు, సరైన ప్రతి మా నాన్న దగ్గరుంది అన్నాడు. ఇలాంటి బగ్ రిపోర్ట్ వస్తే మనమైతే ఏం చేస్తామో అందరికీ తెలుసు. కాక్స్టన్ మాత్రం ఆ ప్రతి తెప్పించుకుని, దిద్ది, 1483లో మళ్లీ వేశాడు.

కానీ ఆయన్ని నిజంగా ఏడిపించిన ప్రశ్న వేరే. ఏ ఇంగ్లీష్ అచ్చు వేయాలి? 1490లో వేసిన ఒక పుస్తకం ముందుమాటలో ఈ కథ చెప్పాడు. ఓడలో వెళ్తున్న కొందరు వర్తకులు గాలి లేక కెంట్ తీరంలో ఆగారు. ఒకతను ఓ ఇంట్లో ఎగ్గెస్ ఉన్నాయా అని అడిగాడు. ఆ ఇల్లాలు నాకు ఫ్రెంచ్ రాదంది. అతనికి ఒళ్లు మండింది, ఎందుకంటే అతనికీ ఫ్రెంచ్ రాదు. పక్కనున్నాయన ఎయ్‌రెన్ కావాలి అనగానే ఆవిడకి అర్థమైంది. రెండింటికీ అర్థం కోడిగుడ్లే. మొదటిది వైకింగుల భాష నుంచి వచ్చింది, రెండోది పాత ఇంగ్లీష్ మాట. ఇద్దరూ మాట్లాడింది ఇంగ్లీషే! మా హాస్టల్ మెస్‌లో సొరకాయ, ఆనపకాయ గొడవ చూసినవాళ్లకి ఇది వింతగా అనిపించదు. ఏ తెలుగులో రాయాలని గిడుగు వారి కాలంలో మన దగ్గరా పెద్ద యుద్ధమే జరిగింది.

కాక్స్టన్ దగ్గర దీనికి పక్కా జవాబు లేదు. మరీ పాతది కాకుండా, మరీ పండితుల భాష కాకుండా మధ్యస్థంగా వేస్తానన్నాడు. వెస్ట్‌మినిస్టర్‌లో ప్రభుత్వ గుమాస్తాలు రాసే లండన్ ఇంగ్లీష్‌కి దగ్గరగా వేశాడు. స్పెల్లింగ్ అయితే నిలకడగా ఉండేది కాదు, ఒకే మాట ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ఘోస్ట్‌లో ఉన్న ఆ హెచ్ ఫ్లెమిష్ భాష నుంచి ఆయన ప్రెస్ ద్వారానే వచ్చిందంటారు. గూస్‌కీ, గోట్‌కీ కూడా అదే హెచ్ తగిలించారు గానీ అవి ఊడిపోయాయి. దెయ్యానిది మాత్రం వదల్లేదు.

అసలు తిరకాసు ఇక్కడుంది. కాక్స్టన్ కాలంలో నైట్‌ని దాదాపు క్నిఖ్ట్ అనేవాళ్లు, అంటే రాసిందే పలికేవాళ్లు, మన తెలుగులాగే. నేమ్‌ని నామ లాగా అనేవాళ్లు. సరిగ్గా ఆ కాలం నుంచే ఇంగ్లీష్‌లో దీర్ఘాచ్చులు ఒక్కొక్కటిగా మారడం మొదలైంది, రెండు మూడొందల ఏళ్లు సాగింది. ఈలోగా ప్రెస్‌ల వల్ల పాత స్పెల్లింగులు పాతుకుపోయాయి. నోరు కొత్త వర్షన్‌కి వెళ్లిపోయింది, కాగితం పాత వర్షన్‌లోనే ఉండిపోయింది. దీనికి కాక్స్టన్ ఒక్కడినే తిట్టడం అన్యాయం. స్పెల్లింగ్ పూర్తిగా కుదురుకోవడానికి ఆయన తర్వాత చాలా తరాలు పట్టింది.

ఆయన సుమారు వంద పుస్తకాలు వేశాడు. వాటిలో ఇరవైకి పైగా స్వయంగా అనువదించినవే. 1491-92 ప్రాంతంలో చనిపోయాడు. సన్యాసుల జీవితాల గురించిన ఒక పెద్ద పుస్తకం అనువాదాన్ని చనిపోయిన రోజునే పూర్తి చేశాడని, ఆయన దగ్గర పనిచేసిన వింకిన్ డి వోర్డ్ రాశాడు. ఆ పుస్తకాన్ని 1495లో అచ్చు వేసిందీ అతనే. తర్వాత ప్రెస్‌ని లండన్‌లోని ఫ్లీట్ స్ట్రీట్‌కి మార్చాడు. కొన్ని శతాబ్దాల తర్వాత ఇంగ్లండ్ న్యూస్‌పేపర్లు చాలా ఆ వీధిలోనే చేరాయి.