కంటి కటకమును పరీక్షించిన డాక్టరు థామస్ యంగు

మనము చేతనున్న పుస్తకమును చదువుచు, నడుమ తలయెత్తి కిటికీగుండ దూరముననున్న తాటిచెట్టును చూతుము. మరుక్షణముననే చెట్టు మట్టలతో సహా స్పష్టముగా గోచరించును. తిరిగి పుస్తకముపై దృష్టి నిలిపినచో అక్షరములును అట్లే స్పష్టపడును. ఈ మార్పు ఎంత సులభముగా జరుగుచున్నదనగా, జరుగుచున్నదని యైనను మనకు తోచదు. కాని ముఖమునకు జానెడు దూరమున వ్రేలు నిలిపి, ఒక కన్ను మూసి చూడుడు. వ్రేలిని చూచునపుడు చెట్టు మసకబారును. చెట్టును చూచునపుడు వ్రేలు మసకబారును. రెండును ఏకకాలమున స్పష్టముగా కనబడవు. కావున దూరమునుబట్టి కన్ను తనలో దేనినో మార్చుకొనుచున్నదనుట నిశ్చయము. ఆ మారునది యేది? ఈ ప్రశ్న ఐరోపా పండితులను సుమారు రెండువందల యేండ్లు బాధించెను. దీనికి సరియైన యుత్తరమును తన కంటిపైననే పరీక్షలు చేసికొని నిరూపించిన మహనీయుడు డాక్టరు థామస్ యంగు.

థామస్ యంగు ఇంగ్లాండు దేశమున సోమర్‌సెట్ మండలములోని మిల్వర్టను గ్రామమున 1773వ సంవత్సరము జూను 13వ తేదీన జన్మించెను. తలిదండ్రులు క్వేకరు సమాజమునకు చెందినవారు. వారి పదిమంది సంతానములో నితడే జ్యేష్ఠుడు. బాల్యములో నెక్కువకాలము మాతామహుని యింట పెరిగెను. రెండవయేటనే చక్కగా చదువనేర్చెననియు, నాలుగేండ్లు నిండునప్పటికి బైబిలు గ్రంథమును రెండుమారులు ఆద్యంతము చదివెననియు చరిత్రకారులు వ్రాసియున్నారు. పాఠశాలలో లాటిను, గ్రీకు భాషలతోపాటు టెలిస్కోపులు తయారుచేయుటయు, పుస్తకములు కుట్టి అట్టలు వేయుటయు నేర్చుకొనెను. పదునాలుగేండ్ల ప్రాయమున నొక ధనికుని యింట వారి మనుమనికి సహాధ్యాయియు, ఒకవిధముగా నుపాధ్యాయుడును ఐ, అక్కడనున్న యైదేండ్లలో తన భాషా పరిజ్ఞానమును మిక్కిలి పెంపొందించుకొనెను. ఫ్రెంచి, ఇటాలియను, హీబ్రూ, కల్దీయ, సిరియా, సమరయ, అరబ్బీ, పారసీ భాషలు అతడు స్వయంకృషిచే నభ్యసించినవి.

లండనులో ప్రసిద్ధ వైద్యుడుగానున్న రిచర్డు బ్రాకిల్స్‌బీ ఇతని తల్లికి మేనమామ. ఆయన ప్రోత్సాహముచే యంగు 1792లో లండను చేరి వైద్యవిద్య నారంభించెను. అక్కడ అతని దృష్టి నేత్రముపై నిలిచెను.

మన కన్ను ఒక చిన్న చీకటిగది వంటిది. ముందు భాగమున గాజువలె స్వచ్ఛమైన పొర యొకటి కలదు. దానిని కార్నియా యందురు. కంటిపాప వెనుక కటకమున్నది. వెలుతురు కిరణములు ఈ రెంటిచేతను వంగి, వెనుకగోడపైనున్న నేత్రపటలముమీద బొమ్మను కట్టును. ఫోటోకెమెరాలో దగ్గరి వస్తువునకు కటకమును ముందుకు జరుపుదురు. కంటిలో నేమి జరుగుచున్నది? కెప్లరు మొదలైనవారు కటకమునకును నేత్రపటలమునకును నడుమనున్న దూరము మారుననిరి. కార్నియాయే మరింత గుండ్రనగునని కొందరు తలచిరి. డేకార్టు కటకముయొక్క ఆకారమే మారుననెను. ఎవరి మాటకును దృఢమైన నిదర్శనము లేదు.

యంగు ఒక యెద్దు కంటిని కోసి పరీక్షింపగా, కటకములో పోగులవంటి నిర్మాణము కనబడెను. అవి కండరములనియు, వాని బలముచేత కటకము తన యాకారమును మార్చుకొనుననియు అతడు తలంచెను. ఈ యభిప్రాయమును వ్యాసముగా వ్రాయగా, అది 1793 మే నెలలో రాయల్ సొసైటీ యెదుట చదువబడెను. అప్పటికి అతనికి ఇరువదియేండ్లు నిండలేదు. మరుసటి సంవత్సరము, ఇరువదియొకటవ యేట, ఆ సొసైటీలో సభ్యత్వము లభించెను.

కాని కీర్తి వెంట కష్టమును వచ్చెను. శస్త్రవైద్యులలో నగ్రగణ్యుడైన జాన్ హంటరు ఈ విషయమునే తానును పరిశోధించుచున్నట్లు ప్రకటించెను. ఆయన సంభాషణనుండి యంగు ఈ భావమును గ్రహించెనని కొందరు నిందవేసిరి. యంగు ఆ నింద నిజము కాదని నిరూపించుకొనవలసి వచ్చెను. హంటరు 1793 అక్టోబరులోనే మరణించెను. పిదప ఆయన బావమరిదియగు ఎవరార్డు హోము, ప్రసిద్ధ యంత్రనిర్మాత రామ్స్‌డెనుతో గూడి ప్రయోగములు చేసి, మార్పు ముఖ్యముగా కార్నియాలోనే జరుగుచున్నదని ప్రకటించెను. వారు అనుభవజ్ఞులు, యంగు విద్యార్థి. వారి ప్రయోగములకు బదులు చెప్పదగిన సాధనము అప్పుడతనియొద్ద లేదు. అతడు మొండిపట్టు పట్టక తన యభిప్రాయమును బహిరంగముగా వదలుకొనెను.

తరువాత యంగు ఎడింబరోలోను, జర్మనీదేశమున గొట్టింజెనులోను చదివి 1796లో వైద్యపట్టము పొందెను. పిమ్మట కేంబ్రిడ్జిలో చేరెను. 1797లో బ్రాకిల్స్‌బీ మరణించుచు తన లండను గృహమును, సుమారు పదివేల పౌనుల ధనమును ఇతనికి వ్రాసియిచ్చెను. జీవనమునకు లోటు తీరినందున యంగు లండనులో వైద్యవృత్తి నారంభించి, తీరిక సమయమును పరిశోధనకు వినియోగించెను. తాను విడిచిపెట్టిన ప్రశ్నను మరల చేపట్టెను. ఈ మారు ఊహను నమ్మక, కొలతను నమ్మెను.

మొదట కంటిశక్తిని కొలుచుటకు పోర్టర్‌ఫీల్డు అను వైద్యుడు కల్పించిన పరికరమును బాగుచేసికొనెను. రెండు సన్నని చీలికలగుండ ఒక పొడవైన గీతను చూచినచో, అది రెండు గీతలై ఒకచోట ఒకదాని నొకటి ఖండించినట్లు కనబడును. ఆ ఖండించుచోటే కన్ను అప్పుడు స్పష్టముగా చూచుచున్న దూరము. కన్ను మిక్కిలి దగ్గరకు సర్దుకొనినపుడును, విశ్రాంతిగానున్నపుడును ఆ స్థలమును గుర్తించి, కంటి సర్దుబాటు ఎంతవరకు సాగునో అంకెలలో చెప్పగలిగెను.

పిదప ఒక్కొక్క యూహను వరుసగా పరీక్షించెను. కార్నియాయే మారుచున్నదా? చిన్న సూక్ష్మదర్శినినుండి కటకము నొకదానిని తీసి, దాని యంచునకు మైనము పూసి, నడుమ చల్లని నీరు నింపి, దానిని తన కంటికి అదిమిపెట్టుకొనెను. కార్నియా యిప్పుడు నీటిలో మునిగియున్నది. దాని వెనుకనున్న ద్రవమును దాని ముందరనున్న నీరును ఇంచుమించుగా ఒకే విధముగా వెలుతురును వంచును గనుక కార్నియా శక్తి నిష్ఫలమయ్యెను. కోల్పోయిన ఆ శక్తికి బదులుగా గాజుకటకములే పనిచేసెను. సర్దుబాటు కార్నియావలననే జరుగుచున్నచో ఇప్పుడది నశింపవలెను. కాని యంగు తన పరికరముతో కొలువగా అది యేమాత్రము తగ్గలేదు. కార్నియా నిరపరాధియని తేలెను.

ఇక కంటిగ్రుడ్డు పొడవు సాగుచున్నదా? ఈ పరీక్ష వినినవారికి ఒడలు గగుర్పొడుచును. యంగు కండ్లు కొంచెము ముందుకు పొడుచుకొని వచ్చియుండెను. అతడు కంటిని ముక్కువైపు సాధ్యమైనంత త్రిప్పి, తాళపుచెవుల చిన్న వలయములను కంటికి ముందొకటి, వెనుకప్రక్క నొకటి ఆనించి, నడుమ గ్రుడ్డును బిగించి పట్టెను. వెనుక వలయము నొక్కినచోట చీకటిలో ఒక వెలుగుమచ్చ కనబడును. గ్రుడ్డు ఇట్లు బిగింపబడియుండగా దగ్గరి వస్తువును చూచుటకు కంటిని సర్దుకొనెను. గ్రుడ్డు సాగునదైనచో ఒత్తిడి హెచ్చి ఆ మచ్చ పెద్దది కావలెను. అది ఉన్నది ఉన్నట్లేయుండెను. కంటి పొడవు మారదని తేలెను. విద్యార్థులారా, కన్ను మిక్కిలి సుకుమారమైన యంగము. ఇట్టి పనిని మీరెవ్వరును ఎన్నడును చేయరాదు. తన దృష్టినే పణముగాపెట్టి ఆ వైద్యుడు సత్యమును వెదకెనని మాత్రము గ్రహింపుడు.

మిగిలినది కటకము. శుక్లము వచ్చి శస్త్రచికిత్సచే కటకము తీసివేయబడిన రోగులను కొందరిని యంగు పరీక్షించెను. వారు కంటియద్దముల సహాయమున చూడగలిగిరి గాని, వేరువేరు దూరములకు కంటిని సర్దుకొను శక్తి వారిలో కానరాలేదు. కటకము లేనిచో సర్దుబాటును లేదు. కావున దగ్గరి వస్తువును చూచునపుడు కటకమే మరింత ఉబ్బెత్తుగా మారుచున్నదని అతడు నిర్ణయించెను. ఈ యుపన్యాసము 1800వ సంవత్సరము నవంబరులో రాయల్ సొసైటీ యెదుట చదువబడి, 1801లో అచ్చుపడెను. ఆ కొలతలలోనే తన కన్ను నిలువుగా విస్తరించు కిరణములను పది యంగుళముల దూరమునుండియు, అడ్డముగా విస్తరించు కిరణములను ఏడంగుళముల దూరమునుండియు కూర్చుచున్నదని కనిపెట్టెను. నేడు కంటివైద్యులు అస్టిగ్మాటిజము అను దోషమును మొదట కొలిచి తెలిపినవాడు ఇతడే.

అతని నిర్ణయములో నొక లోపమున్నది. కటకములోని పోగులే కండరములన్న యతని తలంపు నిలువలేదు. కటకము చుట్టును వలయముగానున్న సిలియరీ కండరమును 1846-47 ప్రాంతమున బౌమను, బ్రూకె అను పండితులు వివరించిరి. సజీవమైన కంటిలో కటకపు మార్పును నేరుగా కొలుచు మార్గము వేరొకటి దొరకెను. కంటియెదుట దీపము నుంచినచో దాని ప్రతిబింబములు కార్నియానుండియు, కటకపు ముందు వెనుక తలములనుండియు కనబడును. దీనిని 1823లో పుర్కింజె వర్ణించెను. దగ్గరకు చూచునపుడు కటకపు ముందు తలములోని ప్రతిబింబము చిన్నదగును. తలము మరింత వంపు తిరిగినదనుటకు అదియే సాక్ష్యము. హాలండు దేశీయుడగు క్రామరును, జర్మను శాస్త్రజ్ఞుడగు హెల్మ్‌హోల్ట్జును 1850 తరువాత నీ ప్రతిబింబములను కొలిచిరి. హెల్మ్‌హోల్ట్జు లెక్కప్రకారము ముందు తలపు వంపు వ్యాసార్ధము దూరదృష్టిలో 10 మిల్లీమీటర్లు, సమీపదృష్టిలో 6 మిల్లీమీటర్లు. కటకపు మందము 3.6 నుండి 4 మిల్లీమీటర్లకు పెరుగును. కండరము ముడుచుకొనగా కటకమును పట్టియుంచు సన్నని తంతువులు సడలును. అప్పుడు కటకము తన సహజమైన సాగుగుణముచే గుండ్రనగును. వయస్సు ముదిరినకొలది కటకము బిరుసెక్కుటచేతనే మన పెద్దలకు నలుబదియేండ్ల ప్రాంతమున చత్వారము వచ్చుచున్నది. నేడు అల్ట్రాసౌండు, ఎం.ఆర్.ఐ. మొదలగు యంత్రములు కంటిలోనికి చూచి ఈ స్వల్పమైన మార్పులను కొలుచుచున్నవి. మారునది కటకమేయన్న యంగు నిర్ణయమును అవి దృఢపరచినవి.

యంగు తరువాతి జీవితమును సంక్షేపముగా చెప్పెదము. 1801లో లండనులోని రాయల్ ఇన్స్టిట్యూషనులో ఆచార్యుడయ్యెను. అతని యుపన్యాసములు విషయభారముచే సామాన్యులకు కఠినముగానుండెనందురు. 1803లో ఆ పదవిని వదలి వైద్యవృత్తికి మరలెను. ఆ యుపన్యాసములు 1807లో గ్రంథరూపమున వెలువడెను. వెలుతురు తరంగరూపమున ప్రసరించునని చాటి, రెండు వెలుతురు తరంగములు కలిసి చీకటిని గూడ పుట్టింపగలవని చూపెను. ఇందుకొక విమర్శకుడు పేరు చెప్పక పత్రికలో తీవ్రముగా దూషించెను. యంగు ప్రత్యుత్తరముగా ప్రచురించిన చిన్న పుస్తకము ఒక్క ప్రతి మాత్రమే అమ్ముడుపోయెనట! ఏండ్లు గడచిన పిమ్మట ఫ్రాన్సుదేశమున ఫ్రెనెలు చేసిన పరిశోధనలు యంగు పక్షమును బలపరచెను. కన్ను మూడు మూలవర్ణములనుబట్టి అన్ని రంగులను గ్రహించునన్న సిద్ధాంతమును, లోహముల సాగుగుణమును తెలుపు యంగు గుణకమును అతనివే.

1804లో ఎలైజా మాక్స్‌వెల్‌ను వివాహమాడెను. 1811 మొదలు మరణపర్యంతము సెయింట్ జార్జి వైద్యశాలలో రోగులకు సేవచేసెను. బాల్యమున నేర్చిన భాషాశాస్త్రమును వ్యర్థము కాలేదు. ఈజిప్టులో 1799లో దొరకిన రొసెట్టా శిలపైనున్న చిత్రలిపిని 1814నుండి పరిశీలించి, గీతచట్రములోని గుర్తులు టాలెమీ రాజు పేరని గుర్తించెను. ఆ లిపి రహస్యమును 1822లో సంపూర్ణముగా ఛేదించిన కీర్తి ఫ్రెంచి పండితుడగు షాంపోలియనుదే. కాని తొలి యడుగులలో ముఖ్యమైనవి యంగువి. మరణశయ్యపై గూడ ఈజిప్టు భాషా నిఘంటువును దిద్దుచు, కలము పట్టు బలము తప్పినపుడు పెన్సిలుతో పనిచేసెను. 1829వ సంవత్సరము మే 10వ తేదీన, ఏబదియారవయేట యంగు లండనులో కీర్తిశేషుడయ్యెను. వెస్టుమినిస్టరు దేవాలయములో నతని స్మారకఫలకము కలదు.

బాలబాలికలారా! రెండేండ్లకే చదువనేర్చు మేధ అందరికిని లభింపదు; దానికై చింతింప బనిలేదు. మనమందరము అనుకరింపదగినది వేరొకటి యున్నది. తన మాటకు నిదర్శనము చాలనపుడు యంగు దానిని సిగ్గుపడక విడిచెను. నిదర్శనము దొరకునంతవరకు శ్రమించి, అదే మాటను మరల ధైర్యముగా పలికెను. పెద్దలు చెప్పిరని సత్యమును విడువలేదు. తాను చెప్పితినని యసత్యమును పట్టుకొని వ్రేలాడలేదు. ఈ రెండు గుణములు కలవాని చేతికే ప్రకృతి తన తాళపుచెవుల నిచ్చును.